నోట్లో వక్క

చావింటికి వక్క నములుతూ పోకూడదు. మా పల్నాట్లో ఎంత మొరటువాడైనా ఆ పని చెయ్యడు. ఆ మర్యాద పాటించబట్టే నా బతుకు బజారున పడింది. ఆరోజు వక్కను బుగ్గన పెట్టుకునే లోపలికి పోయి ఉంటే, మహా అయితే మర్యాద తెలియనివాడని నలుగురూ అనుకుని ఊరుకునేవాళ్ళు.

మాది గురజాల దాటాక బాగా లోపలికి ఉండే ఊరు. మిరప, పత్తి, సాగర్ కాలువ నీళ్ళు, ఆ నీళ్ళ కోసం తగాదాలు, ఆ తగాదాల పేరు మీద రెండు వర్గాలు. ఒక వర్గానికి మా తమ్ముడు పెద్ద. వాడికి పెళ్ళాంపిల్లలున్నారు, ట్రాక్టరుంది, ఎక్కడికి కదిలినా వెనకాల పదిమంది కుర్రాళ్ళుంటారు. నాకు మాత్రలున్నాయి.

కుర్రతనంలో నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. అక్కడే జబ్బు మొదలైంది. పక్కగదిలో ఎవరో కూర్చుని నా గురించే గుసగుసలాడుతున్నట్టు వినపడేది. తలుపు తీసి చూస్తే ఖాళీ గది. మెస్సు అన్నంలో ఏదో కలుపుతున్నారని తినటం మానేశాను. మా తమ్ముడొచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. మాత్రలు వేసుకున్నాక గొంతులు తగ్గాయి, కొన్నాళ్ళకి పోయాయి. ఈ ముక్క గట్టిగానే చెప్తాను, ఆ మాత్రల మీద నాకు కోపం లేదు. అవి లేకపోతే ఇవ్వాళ ఇది చెప్పటానికి నేనుండేవాణ్ణే కాదు. ఒకసారి పొగరుకొద్దీ అన్నీ ఒక్కసారే ఆపేసి చూశాను. నెల తిరక్కుండా గొంతులన్నీ చుట్టాల్లాగా మూటాముల్లె సర్దుకుని తిరిగొచ్చాయి. మళ్ళీ ఆ పని చెయ్యలేదు. నా కోపమంతా వేరేవాళ్ళ మీద.

మాత్రలు ఊరికే మేలు చెయ్యవు, వాటి కూలి అవి తీసుకుంటాయి. మొదట్లో పగలంతా మత్తు. పొద్దున లేచేసరికి దిండు చొంగతో తడిసి ఉండేది. చేతులు వణికి టీ గ్లాసు సగం లుంగీ మీదే పోసుకునేవాణ్ణి. నడుస్తుంటే చేతులు ఊగేవి కావు, పక్కకి కట్టేసినట్టు ఉండేవి. అప్పట్లో నెలనెలా డాక్టరు దగ్గరికి పోయేవాళ్ళం కాబట్టి ఆయనకి చెప్పుకునేవాణ్ణి. పగటి మాత్ర రాత్రికి మార్చారు. వణుకుకి ఇంకో మాత్ర కలిపారు. ఎండలో ఎక్కువసేపు నిలబడొద్దన్నారు, నీళ్ళు బాగా తాగమన్నారు, పడుకున్నవాణ్ణి దిగ్గున లేవొద్దన్నారు. చెప్పుకుంటే ఏదో ఒక దారి దొరికేది.

తర్వాత మా తమ్ముడు రాజకీయాల్లో దిగాడు. ఇక దారులన్నీ మూసుకుపోయాయి.

"నెలనెలా ఆ ఆస్పత్రి బోర్డు కింద కూర్చుంటే మనూరోళ్ళు ఎవుడో ఒకడు చూస్తాడు అన్నయ్యా. ఆ ఇంట్లో పిచ్చుందంట అంటే నా వెనకాల ఒక్కడు నిలబడడు. నువ్వు యాడికీ రాబాక, మాత్రలు నేను తెచ్చిస్తా" అన్నాడు.

తెచ్చిచ్చాడు, కాదనను. ఒక్క నెల కూడా తప్పలేదు. పేట వెళ్ళి, మన ఊరివాళ్ళెవరూ రాని సందులో మందుల షాపు చూసుకుని, పాత చీటీ చూపించి తెచ్చేవాడు. మడిచి మడిచి ఆ చీటీ చిరిగిపోతుంటే దానికి లామినేషన్ చేయించాడు. మా తమ్ముడికి నా మీదున్న ప్రేమకి సాక్ష్యం అడిగితే ఆ ప్లాస్టిక్ చీటీ చూపిస్తాను. ఏళ్ళ తరబడి అదే చీటీ, అదే మోతాదు. మనిషి మారాడు, ఒళ్ళు మారింది, చీటీ మాత్రం చెక్కుచెదరలేదు.

ఊళ్ళో ఎవరైనా అడిగితే షుగరు మాత్రలని చెప్పారు. పెళ్ళిళ్ళలో నా విస్తట్లో లడ్డూ పెట్టబోతే మా మరదలు చెయ్యి అడ్డం పెట్టేది. "బావగారికి షుగరండీ." నేను తినాలని ఉన్నా నోరు మూసుకునేవాణ్ణి. ఆ మాత్రలకి ఆకలి పెరుగుద్ది, ఒళ్ళొస్తుంది, ఏడాదికోసారన్నా రక్తం చూపించుకోవాలి. ఎవరు చూపిస్తారు? ఒక ఎండాకాలం పొలంలో కళ్ళు తిరిగి పడిపోతే ఆర్ఎంపీ సూది గుచ్చి చూశాడు. నిజంగానే షుగరుంది. మా మరదలు అమ్మయ్య అనుకుని ఉంటుంది, అబద్ధమాడుతున్నానన్న దిగులు తీరిపోయిందిగా.

అన్నిటికంటే చివర నోరు మొదలైంది.

పళ్ళ సందున ఏదో ఇరుక్కుంటే నాలుకతో కెలుకుతాం చూడండి, అట్లా నాలుక దానంతటది తిరిగేది. నాకు తెలిసేదే కాదు. "ఏంది బావగారూ, ఏం నములుతున్నారు?" అని మరదలు అడిగితే తెలిసింది. అద్దంలో చూసుకున్నాను. పెదాలు ముందుకొస్తున్నాయి, దవడ పక్కకి పోతోంది, నాలుక చివర పాముపిల్లలాగా బయటికొచ్చి లోపలికి పోతోంది. ఆపాలని బిగబడితే కాసేపు ఆగేది. ధ్యాస కాస్త మళ్ళిందంటే మళ్ళీ మొదలు. మనసు కలత పడితే ఇక చెప్పక్కర్లేదు.

"డాక్టరు దగ్గరికి పోదాంరా, ఇది మాత్రల వల్లే అనిపిస్తోంది" అన్నాను మా తమ్ముడితో.

"పత్తి తీత అయిపోనీ."

పత్తి తీత అయిపోయింది. "మిరపకాయ యార్డుకి తోలనీ" అన్నాడు. తోలాం. "ఎలక్షన్లు అయిపోనీ అన్నయ్యా, ఇంతకాలం ఓపిక పట్టావు" అన్నాడు. మా ఊళ్ళో ఎలక్షన్లు ఎప్పుడయిపోయాయి గనక?

నువ్వే పోవచ్చుగా అనొచ్చు. ఒకసారి బయల్దేరాను. బస్సెక్కకముందే తమ్ముడి కుర్రాళ్ళిద్దరు బండి మీదొచ్చారు. "పెద్దాయన ఒక్కడే యాడికో పోతన్నాడని అన్నకి ఫోనొచ్చింది, ఎక్కండి" అని మధ్యలో కూర్చోబెట్టుకుని తెచ్చేశారు. తప్పిపోయిన దూడను తెచ్చినట్టు వాకిట్లో దింపారు. ఆ సాయంత్రం నేను అన్నం తినలేదు. ఎవరూ అడగలేదు కూడా.

అప్పుడు నాకు నేనే వక్క వైద్యం కనిపెట్టుకున్నాను. బయటికి పోయేముందు ఒక వక్కపలుకు బుగ్గన పెట్టుకుంటే, నోరు ఎన్ని వంకర్లు తిరిగినా వక్క నములుతున్నాడులే అనుకుంటారు. జేబులో ఎప్పుడూ వక్కలుండేవి. ఇంత పెద్ద సర్కారు నడిపే మా తమ్ముడికి కూడా ఆ ఉపాయం నచ్చింది. "భలే ఉంది అన్నయ్యా" అన్నాడు.

ఆ ఏడు అవతలి వర్గం పెద్దాయన పోయాడు. ఆయన నాకు వరసకి బాబాయి. వర్గాలు పుట్టకముందు రెండిళ్ళూ ఒకటే. సాగర్ కాలువలో నాకు ఈత నేర్పింది ఆయనే. నడుముకి తువ్వాలు కట్టి, ఆ కొస పట్టుకుని గట్టు మీద నడిచేవాడు. పిన్ని చేతి గోంగూర పచ్చడితో నేను తిన్న అన్నానికి లెక్కలేదు. ఆయన పోయాడని మైకులో చెప్పగానే తింటున్న కంచం ముందునుంచి లేచిపోయాను.

మా వైపు ఎంత పగ ఉన్నా, చావుకి మాత్రం ప్రతి ఇంటినుంచీ ఒక మగమనిషి పోయి కనపడాలి. పోకపోతే అది ఇంకో పగ. మా తమ్ముడికీ చనిపోయినాయన కొడుక్కీ కాలువ తూము దగ్గర కొట్లాటై అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు.

"నేను పోతే మాటా మాటా పెరుగుద్ది. నువ్వు పోయిరా అన్నయ్యా. నిన్నెవరేమంటారు? కాసేపు కూర్చుని లేచిరా" అన్నాడు.

నేను సంతోషంగానే ఒప్పుకున్నాను. చావుకి సంతోషమేంటని అడగొద్దు. మా ఇంటి తరఫున మనిషిగా నన్నొక చోటికి పంపటం అన్నేళ్ళలో అదే మొదలు. దహనమైన మర్నాడు తెల్లచొక్కా వేసుకుని పోయాను. వాళ్ళ వాకిట్లో షామియానా వేశారు. గుమ్మం దగ్గర ఆగి, వక్క ఉమ్మేసి, నోరు పుక్కిలించి లోపలికి అడుగుపెట్టాను.

నాపరాళ్ళ వరండాలో దండేసిన ఫోటో, ముందు దీపం, గోడకి ఆనుకుని పిన్ని. ఆమెకి ఎదురుగా నాకు కుర్చీ వేశారు. ఆ పక్కన కొడుకు, చుట్టూ వాళ్ళ మనుషులు. ఫోటోలో బాబాయి మీసం చూడగానే తువ్వాలు కొస గుర్తొచ్చింది. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుపుని ఆపుకుంటున్నాను, ధ్యాసంతా అటే పోయింది, నోటి సంగతి మరిచాను.

ఎంతసేపు అట్లా కూర్చున్నానో తెలియదు. "ఒరేయ్!" అని కేక వినపడింది. కొడుకు లేచి నిలబడ్డాడు.

"మా నాయన ఫోటో ముందర కూర్చుని నాలుక చాపి ఎక్కిరిత్తావా? నీ తమ్ముడు ఇందుకేనా పంపింది నిన్ను?"

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. నవ్వు దాచుకుంటున్నాననుకున్నారు. ఎవరో చొక్కా పట్టుకున్నారు, ఎవరో కుర్చీ లాగేశారు. "కాదు పిన్నీ" అనబోతే దవడ పక్కకి పోయి మాట ముద్దయింది. నన్ను గేటు బయటికి తోశారు. ఆ తోపులాటలో నేను చూసింది ఒక్కటే, పిన్ని మొహం. కోపంగా లేదు ఆమె. ఇంత పని చేస్తావనుకోలేదురా అన్నట్టుంది. దెబ్బలేవీ గుర్తులేవు నాకు, ఆ చూపు మాత్రం గుచ్చుకుని ఉండిపోయింది.

ఊరు రెండుగా చీలి కర్రలు బయటికొచ్చాయి. పోలీసు జీపు రెండు రోజులు సెంటర్లోనే ఉంది. నవ్వొచ్చే సంగతేంటంటే, మా వర్గంలో నేను హీరోనయ్యాను. టీకొట్టు ముందు కుర్రాళ్ళు లేచి నాకు బెంచీ మీద చోటిచ్చారు. "పెద్దాయనా, చానా గుండె నీకు! వాళ్ళింట్లో కూర్చుని ఎక్కిరించావంటే మాటలా!" అని వీపు తట్టారు. అవతలివాళ్ళు నన్ను చూస్తే మీసం మెలేసేవాళ్ళు, పళ్ళు కొరికేవాళ్ళు. అప్పటిదాకా నేనెదురొస్తే పక్కన కరెంటు స్తంభం ఉన్నట్టే దాటిపోయేవాళ్ళు. పగవాడిగా చూసినా సరే, మనిషిగా చూశారు. ఛీ, ఇందులో కూడా నాకు కాస్త గొప్పగా అనిపించిందంటే నా బతుకు ఎంత ఎండిపోయిందో చూడండి.

పెద్దమనుషులు కూర్చున్నారు. ఆ కూర్చోబోయే ముందు ఇంట్లో మా తమ్ముణ్ణి పట్టుకున్నాను.

"నిజం చెప్పెయ్యరా. మాత్రల వల్ల నోరు అట్లా అవుతోందని చెప్పు. డాక్టరు చేత రాయించి తెద్దాం. పిన్నికి తెలియాలి, నేను బాబాయిని ఎక్కిరించలేదని."

"ఏం మాత్రలని అడుగుతారు. ఏం చెప్పేది?"

"ఉన్నదే చెప్పు."

"చెప్పబాక. నీకు దణ్ణం పెడతా, చెప్పబాక. నే చూసుకుంటా" అన్నాడు.

చూసుకున్నాడు. పెద్దమనుషుల ముందు నిలబడి, మా అన్న తాగిపోయి ఉన్నాడు, ఒళ్ళు తెలియలేదు అని చెప్పాడు. జన్మలో కల్లు కూడా ముట్టనివాణ్ణి నేను. మా ఊళ్ళో తాగుబోతుకి పరువుంది, కొట్లాటరాయుడికి పరువుంది. మాత్రలు వేసుకుని బుద్ధిగా బతికేవాడికి మాత్రం లేదు. పెద్దమనుషులు తల ఊపారు. తాగినవాడి తప్పు తప్పే కాబట్టి పెద్దకర్మ రోజున అందరి ముందూ ఫోటోకి దణ్ణం పెట్టి తప్పు ఒప్పుకోవాలని తీర్పు చెప్పారు.

పెద్దకర్మ రోజు వంటలు పొయ్యి మీదున్నాయి, రెండు వర్గాలూ చెరోపక్క నిలబడ్డాయి. ఈసారి నా తమ్ముడు పక్కనే ఉన్నాడు, మోచెయ్యి పట్టుకుని. "తాగొచ్చాను, తప్పయింది. అంతే. రెండు ముక్కలు" అని చెవిలో చెప్పాడు.

ఫోటో ముందు నిలబడ్డాను. దణ్ణం పెట్టాను. పిన్ని తల ఎత్తి చూసింది. నోరు అప్పటికే తిరుగుతోంది. ఆ రెండు ముక్కలూ గొంతుదాకా వచ్చాయి. ఇప్పుడు అవి అన్నానంటే ఈవిడ చచ్చేదాకా నన్ను అట్లాగే చూస్తుంది. అనలేకపోయాను.

"నేను తాగలేదు పిన్నీ" అన్నాను. "నాకు మనసు జబ్బుంది. చానా ఏళ్ళనుంచీ మాత్రలు వేసుకుంటన్నాను. ఆ మాత్రల వల్ల నోరు ఇట్టా తిరుగుతోంది. నా చేతిలో లేదు. బాబాయిని నేనెందుకు ఎక్కిరిస్తాను పిన్నీ, నాకు ఈత నేర్పినాయన." అప్పటికప్పుడు నాలుక బయటికొచ్చి, నా మాటకి తానే సాక్ష్యం చెప్పింది.

మా తమ్ముడి చెయ్యి నా మోచేతి మీదనుంచి జారిపోయింది. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నమ్మింది, ఆ సంగతి నాకు తెలుసు, అది చాలు నాకు. కానీ వెనకాలెవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకెవరో. చనిపోయినాయన కొడుకు పెద్దగా ఊపిరి వదిలి, కర్రలు పట్టుకున్న తన మనుషుల వైపు తిరిగి అన్నాడు: "పిచ్చోడంటరా! ఈ ముక్క ముందే చెబితే పోయేదిగా, ఇంత రచ్చెందుకు?"

రెండు వర్గాలూ కలిసి నవ్వాయి. ఆ ఊళ్ళో వాళ్ళు కలిసి చేసిన పని, నాకు తెలిసి, అదొక్కటే. పగ అక్కడితో తెగిపోయింది. అందరూ వరసన కూర్చుని భోంచేశారు. నా విస్తట్లో బూరె వెయ్యబోతే ఈసారి మా మరదలు అడ్డం రాలేదు. అడ్డం పెట్టాల్సిన షుగరు ఇప్పుడే కదా నిజంగా ఉంది!

దాచేది ఏమీ మిగల్లేదు కాబట్టి ఆ వారంలోనే మా తమ్ముడు నన్ను పేట తీసుకెళ్ళాడు. పాత డాక్టరుగారు లేరు, వేరే ఆయన. ఆయన నన్ను నోరు తెరవమన్నాడు, నాలుక కదలకుండా ఉంచమన్నాడు, బొటనవేలికి మిగతా వేళ్ళు వరసగా తాకించమని నా మొహం వైపే చూస్తూ కూర్చున్నాడు. ఈ మందులు ఎక్కువకాలం వాడినవాళ్ళలో కొందరికి ఇట్లా వస్తుందనీ, అందుకే వచ్చిన ప్రతిసారీ నోరూ చేతులూ చూడాలనీ చెప్పాడు. జబ్బు ముదిరినప్పుడు రాసిన మోతాదును నెమ్మదించాక కూడా అట్లాగే వాడటం పొరపాటన్నాడు. వణుకు మాత్ర ఈ నోటి కదలికను పెంచుతుందట, దాన్ని మెల్లగా తగ్గించాలన్నాడు. పెద్ద మాత్రను కూడా కొద్దికొద్దిగా తగ్గిస్తూ వేరేదానికి మారుస్తానన్నాడు. నోటికి విడిగా ఒక మాత్ర రాశాడు, రక్తం రాశాడు, సాయంత్రం పూట నడక రాశాడు. "మీ అంతట మీరు ఉన్నపళంగా ఏదీ ఆపొద్దు. ఆపితే నోరూ ఎక్కువవుతుంది, పాత జబ్బూ తిరిగొస్తుంది" అని గట్టిగా చెప్పాడు.

"మొదట్లోనే వచ్చి ఉంటే?" అని అడిగాను.

ఆయన బల్ల మీదున్న ప్లాస్టిక్ చీటీ వైపు చూశాడు. "పూర్తిగా పోయే అవకాశం ఎక్కువ ఉండేది. ఇప్పుడు తగ్గుతుంది. మొత్తం పోతుందని మాటివ్వలేను."

నేను మా తమ్ముడి మొహం చూశాను. వాడు గొంతు సవరించుకుని, "అయితే కొత్త చీటీ రాయండి సార్, దీనికి కూడా లామినేషన్ చేయిస్తా" అన్నాడు. ఆ డాక్టరు నోరెళ్ళబెట్టాడు. నేను నవ్వలేదు. నాకు వాణ్ణి కొట్టాలనిపించింది. వాడు చిన్నప్పుడు నా సైకిలు వెనకాల కూర్చుని బడికొచ్చిన తమ్ముడు, నెలనెలా మాత్రలు తెచ్చిన తమ్ముడు. అందుకే ఎక్కువ కొట్టాలనిపించింది.

ఇప్పుడు నోరు సగానికి సగం తగ్గింది. చేతులు ఊపుకుంటూ నడుస్తున్నాను. నెలనెలా నా బస్సు నేనే ఎక్కి పేట పోయి వస్తున్నాను, ఎవరూ బండేసుకుని వెంటపడటం లేదు. తమ్ముడు ఎలక్షన్లో గెలిచాడు కూడా. అన్నకి పిచ్చయినా కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నాడని వాడికి మంచి పేరొచ్చింది. ఇన్నేళ్ళు దేనికి దాచారో ఇక మీరే చెప్పాలి. ఊళ్ళో ఎవరు పోయినా పరామర్శకి వాడే పోతున్నాడు. నన్ను పంపటం లేదు.

టీకొట్టు దగ్గర బెంచీ ఖాళీగా ఉంటే కూర్చుంటాను, లేకపోతే నిలబడతాను. లేచి చోటిచ్చేవాళ్ళెవరూ లేరు. నేను నీళ్ళ వంతు గురించి ఒక మాటంటే "అట్టాగేలే పెద్దాయనా" అని నవ్వి, అదే మాట ఇంకొకడంటే వింటున్నారు. మొన్నొక సాయంత్రం బాబాయి కొడుకు అక్కడే కూర్చుని, నేను చెబుతున్నది సగంలో ఉండగానే ఫోను చూసుకోవటం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. నోరు ఆ పూట నా మాట వింటోంది. ఎదురుగా పోయి నిలబడ్డాను. కావాలనే, తెలిసే, కళ్ళెగరేసి, నాలుక బారెడు చాపి వాణ్ణి వెక్కిరించాను.

వాడు లేచాడు. కొట్టడానికి లేచాడనే అనుకున్నాను. మెల్లగా వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు.

"మాత్ర ఏసుకున్నావా అన్నయ్యా?" అన్నాడు. తర్వాత కొట్టువాడి వైపు తిరిగి, "అన్నకి పంచదార లేకుండా ఒక టీ పొయ్యి" అన్నాడు.